బడిపంతులు ఓటడిగిన వేళ

మన దేశమున ఎన్నికల వ్యవహారమును బడిపంతులంత దగ్గరగా ఎరిగినవాడు మరియొకడు లేడు. ఓటర్ల జాబితా చేతబట్టుకొని యెండలో గడపగడపకు తిరుగువాడు అతడే. పోలింగునకు ముందునాడు ఓటుయంత్రమును, సీళ్లను, ఫారముల కట్టలను లెక్కచూచి తీసికొని, బస్సెక్కి, ఎన్నడును చూడని యూరిలో బడిగది నేలమీద దుప్పటి పరచుకొని రాత్రి గడపువాడు అతడే. తెల్లవారినంతనే ప్రిసైడింగు ఆఫీసరు కుర్చీలో కూర్చుండి, ఏజెంట్ల తగవులు తీర్చుచు, సాయంకాలము దాక అన్నము మాట మరచి పని నడపువాడును అతడే. పలుచోట్ల ఓటు వేయు గది సైతము అతడు పాఠము చెప్పు గదియే. ఎన్నికలతో ఇంతగా పెనవేసికొనిన యీ మనిషి తానే అభ్యర్థియై నిలుచుట మాత్రము అరుదు. ప్రభుత్వోపాధ్యాయుడు ఉద్యోగమునకు రాజీనామా యిచ్చిననే గాని శాసనసభకు పోటీచేయరాదని నియమము కలదు, ఆ నియమమునకంటె బలమైనది లోకుల మాట: "పంతులుగారికి రాజకీయము లెందుకండీ?"

ఈ ప్రశ్నకు శిష్యులు చెప్పు జవాబు వేరుగా నుండును. ప్రభుత్వము ప్రజలదనియు, అర్హతగల పౌరుడెవడైనను పదవికి పోటీచేయవచ్చుననియు, తప్పు జరిగినచోట మాట్లాడుట పౌరధర్మమనియు ఏటేట పాఠము చెప్పిన గురువును, ఆ పాఠము నమ్మిన శిష్యు లొకనాడు "అట్లైన మీరే యెందుకు నిలువరాదు?" అని అడిగినచో, అతడు మౌనము వహింపవచ్చును, లేదా నామినేషను వేయవచ్చును. ఈ రెండవ మార్గము పట్టినవారి చరిత్రలు అమెరికాలో ఇటీవల రెండు మూడు ప్రసిద్ధికెక్కినవి. అందు మొదటిది టిమ్ వాల్జ్ అను భూగోళశాస్త్ర ఉపాధ్యాయునిది.

2024వ సంవత్సరపు అమెరికా అధ్యక్ష ఎన్నికలో కమలా హారిస్ సరసన ఉపాధ్యక్ష పదవికి పోటీచేసిన వ్యక్తిగా ఆయన పేరు మన పాఠకులు వినియే యుందురు. అయితే ఆ పదవికే ప్రత్యర్థిగా నిలిచిన జేడీ వాన్స్ గారి భార్య ఉష తెలుగు కుటుంబమున పుట్టినదగుటచే మన పత్రికలు సహజముగా ఆవైపే ఎక్కువగా చూచినవి. ఈవైపున్న పంతులుగారి పూర్వకథ మనవారికి అంతగా తెలియలేదు. ఆ యేడు ఆగస్టు 21వ తేదీ రాత్రి షికాగో నగరమున జరిగిన డెమోక్రటిక్ పార్టీ మహాసభలో, నడివయస్సు వచ్చిన ఆయన పూర్వశిష్యులు నాటి ఫుట్‌బాల్ జెర్సీలు తొడిగికొని వేదికపై వరుసగా నిలిచియుండగా, తాను కాంగ్రెసుకు, అనగా అక్కడి పార్లమెంటునకు, పోటీచేయుటకు ప్రేరణ తన ఆటగాండ్రును, తన విద్యార్థులునే యని ఆయన చెప్పెను. వారిలో తాను నాటదలచిన గుణములనే వారు తనయందు చూచిరని ఆయన భావము. వేదికలపై నాయకులు చెప్పు మాటలలో అలంకారపు పాలు ఎంతయో యుండునన్నది నిజమే. కాని యీ మాటకు వెనుక ముప్పదియేండ్ల ఆధారము కలదు.

ఒక భూగోళపాఠము

వాల్జ్ 1964లో నెబ్రాస్కా రాష్ట్రములోని వెస్ట్ పాయింట్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రియు విద్యారంగమునకు చెందినవాడే. పదునేడేండ్లు నిండినంతనే నేషనల్ గార్డు దళములో చేరి, సైనికవిద్యతో పాటు కళాశాలవిద్య సాగించి, 1989లో షాడ్రన్ స్టేట్ కళాశాలనుండి పట్టము పొంది, చైనాలోని ఫోషాన్ నగరమున ఒక యేడు పిల్లలకు పాఠములు చెప్పి, స్వదేశమునకు మరలివచ్చి, పశ్చిమ నెబ్రాస్కాలో పశువుల మందలకును రైలుమార్గమునకును పేరుబడిన అలయన్స్ అను ఊరిలో బడిపంతులుగా కుదురుకొనెను.

1993వ సంవత్సరమున ఆ బడిలో ఆయన చెప్పిన పాఠ మొకటి వివరముగా తెలిసికొనదగినది. హిట్లరు కాలమున యూదులపై జరిగిన మారణహోమమును పిల్లలు సాధారణముగా ఒక దుర్మార్గుని ఉన్మాదముగా నేర్చుకొని, పరీక్షలో తేదీలు వ్రాసి మరచిపోవుదురు. వాల్జ్ ఆ పద్ధతిని విడిచి, ఇట్టి ఘోరములు ఏయే పరిస్థితులలో పుట్టునో వెదకుడని విద్యార్థులకు పని పెట్టెను. జర్మనీతో పాటు ఆర్మేనియనుల గాథను, కంబోడియా గాథను ముందుంచుకొని, కరవుకాటకములు, తిండిగింజల కొరత, వలసపాలకులు పెట్టిపోయిన జాతివైషమ్యములు మున్నగు కారణములను వారు పట్టికలుగా వ్రాసికొనిరి. పిమ్మట ఆయన ప్రపంచపటమును వారి ముందు పరచి, "ఈ లక్షణములన్నియు నేడు ఏ దేశమున కూడియున్నవో చెప్పుడు" అని అడిగెను. ఆ పల్లెపట్టణపు పిల్లలు చర్చించి చర్చించి తేల్చిన పేరు రువాండా. మరుసటి యేడు ఏప్రిల్ నెలలో రువాండాలో నరమేధము మొదలయ్యెను. ఇంచుమించు నూరు దినములలో ఎనిమిది లక్షలమంది హతులైరి.

వార్తాసంస్థలు, రాయబార కార్యాలయములు, గూఢచారిశాఖలు గల మహారాజ్యములు ముందుగా మేలుకొనని విషయమును పదునారు పదునేడేండ్ల విద్యార్థులు పాఠ్యపుస్తకములతోను, పటముతోను ఊహింపగలిగిరి. విద్యార్థుల తెలివిని పెద్దలు తక్కువగా నెంచుట పొరపాటని గ్రహించుటకు ఏ ఉపాధ్యాయునకైనను ఇంతకు మించిన నిదర్శనము దొరకదు. తెలిసియుండుట ఒకటి, ఆపగలుగుట మరొకటి యను కఠినసత్యము సైతము ఆ తరగతికి అప్పుడే తెలిసివచ్చినది. ఆపగల శక్తి శాసనములు చేయువారి చేతిలోను, ధనము మంజూరుచేయువారి చేతిలోను ఉండును, బడిలో నుండదు.

మంకేటో కథ

1996లో వాల్జ్, ఆంగ్లోపాధ్యాయినియైన భార్య గ్వెన్‌తో గూడి మిన్నెసోటా రాష్ట్రములోని మంకేటో పట్టణమునకు తరలివచ్చెను. నలుబదివేల జనాభాయైనను నాటికి లేని ఆ యూరిలో మంకేటో వెస్ట్ హైస్కూలున ఆయన భూగోళము చెప్పుచు, ఫుట్‌బాల్ జట్టునకు సహాయశిక్షకుడుగా పనిచేసెను. 1999లో ఆ జట్టు రాష్ట్ర విజేతగా నిలిచినది. ఆ కాలముననే, స్వలింగానురక్తులైన విద్యార్థులు బడిలో ఎగతాళికిని దెబ్బలకును గురియగుట చూచి, వారు తోడివారితో కలసి పెట్టుకొనిన సంఘమునకు సలహాదారుగా నుండుటకు ఆయన అంగీకరించెను. సైనికుడును ఆటలగురువునైన తాను ఆ పిల్లల పక్షమున నిలిచినచో అల్లరిమూకల నోరు త్వరగా మూతపడునని ఆయన తలంపు. నేటికి ఇది చిన్నమాటగా తోచవచ్చును గాని, పాతిక యేండ్లక్రిందట అమెరికా గ్రామసీమలో ఒక పంతులు ఈ మాట పైకి చెప్పుటకు ధైర్యము కావలసెను.

2004 ఆగస్టులో అధ్యక్షుడు జార్జి బుష్ ఎన్నికల ప్రచారమునకై మంకేటోకు వచ్చెను. రాజకీయసభ యెట్లుండునో ప్రత్యక్షముగా చూపదలచి వాల్జ్ ఇద్దరు విద్యార్థులతో అక్కడికి పోయెను. ఆయన చెప్పిన కథనము ప్రకారము, ఒక విద్యార్థి డబ్బుల సంచిమీద ప్రత్యర్థియైన జాన్ కెర్రీ పేరుగల స్టిక్కరు కనబడినందున కావలివా రడ్డుపడి, ప్రశ్నలపై ప్రశ్నలు వేసి, పిల్లలను లోనికి పోనీయమనిరి. వాల్జ్ అప్పుడే యూరపులో సైనికవిధులు ముగించుకొని వచ్చియుండెను. ఈ సంగతి జరిగిన తీరుపై తరువాత భిన్నకథనములు వెలువడినవి గాని, ఆ పిమ్మట ఆయన చేసిన పని విషయమున వివాదము లేదు: కెర్రీ ప్రచార కార్యాలయమునకు పోయి కార్యకర్తగా పేరు వ్రాయించుకొనెను. అంతవరకు ఏ పార్టీ పనిలోను తలదూర్చని మనిషి, శిష్యుల కండ్లముందు జరిగిన యొక అవమానముచే రాజకీయమున కాలుపెట్టెను. మీ మాటకు విలువ కలదని తరగతిలో ప్రతిదినము చెప్పిన గురువు, అదే మాటకు ద్వారమువద్ద విలువ లేకపోవుట చూచి యూరకుండినచో, మరునాడు పాఠము చెప్పుట కేమి ముఖము మిగులును?

మిన్నెసోటాలో ఇట్టి గురువులకు దారిచూపిన పూర్వికు డొకడు కలడు. నార్త్‌ఫీల్డ్ పట్టణపు కార్ల్‌టన్ కళాశాలలో రాజనీతిశాస్త్రము చెప్పుచుండిన పాల్ వెల్‌స్టన్, ధనబలము లేకయే, ఒక పాత ఆకుపచ్చబస్సు వేసికొని, విద్యార్థులను కార్యకర్తలుగా కూడగట్టుకొని, 1990లో పదవిలోనున్న సెనేటరును ఓడించి దేశమును ఆశ్చర్యపరచెను. 2002 అక్టోబరులో రెండవమారు పునరెన్నికకై తిరుగుచు విమానప్రమాదమున ఆయన మరణించినపిమ్మట, ఆయన అనుచరులు సామాన్యులకు ఎన్నికలపని నేర్పు శిక్షణశిబిరములు నెలకొల్పిరి. ఓటర్లతో మాట్లాడుట, చందాలు కూర్చుట, కార్యకర్తలను నడపుట వంటి లౌకికవిద్య లక్కడి పాఠములు. 2005 ఆరంభమున వాల్జ్ అట్టి శిబిరమున శిష్యుడుగా కూర్చుండెను.

ఆయన యెంచుకొనిన స్థానము దక్షిణ మిన్నెసోటాలోని ఒకటవ జిల్లా. మొక్కజొన్న, సోయాచిక్కుడు పొలములతో నిండిన ఆ సీమను ఆరు పర్యాయములుగా రిపబ్లికన్ పార్టీకి చెందిన గిల్ గుట్‌నెక్ట్ గెలుచుచుండెను. పేరెరుగని బడిపంతులు ఆయనను ఓడించునని తొలుత నమ్మినవారు తక్కువ. కాని పదేండ్లుగా ఒకే యూరిలో పాఠము చెప్పిన ఉపాధ్యాయునకు, పార్టీ కార్యాలయము ఎంత డబ్బు పోసినను కొనలేని యాస్తి యొకటి యుండును: ఇల్లిల్లు తిరుగగల పూర్వవిద్యార్థులును, తమ పిల్లవానిని దిద్దిన పంతులని గుర్తుంచుకొనిన తల్లిదండ్రులును. పదునెనిమిదేండ్లు నిండని వారికి ఓటు లేదు గాని, తలుపు తట్టుటకును, ఫోను చేయుటకును, ఇంటిముంగిట అభ్యర్థి పేరుపలక నాటుటకును వయస్సు అడ్డురాదు. 2006 నవంబరు 7వ తేదీన ఫలితములు వచ్చునప్పటికి నూటికి 53 ఓట్లతో పంతులుగారు గెలిచిరి. ఆ పిమ్మట పండ్రెండేండ్లు కాంగ్రెసులో నుండి, 2018లో రాష్ట్ర గవర్నరుగా ఎన్నికై, 2022లో మరల గెలిచిరి.

ఇత్తడినగరపు టీచరమ్మ

వాల్జ్ తొలిసారి గవర్నరైన ఆ 2018వ సంవత్సరముననే అమెరికాలో ఉపాధ్యాయులు వందలకొలదిగా ఎన్నికలబరిలో దిగిరి. దానికి రెండు కారణములు కూడివచ్చినవి. ఒకటి జీతములు: ఫిబ్రవరిలో వెస్ట్ వర్జీనియా ఉపాధ్యాయులును, ఏప్రిల్ నెలలో ఓక్లహోమా ఉపాధ్యాయులును బడులు మూసి వీథికెక్కిరి, శాసనసభల గుమ్మములముందు నిలిచి అడుగుటకంటె లోపల కూర్చుండుట మేలని పలువురికి అప్పుడు తోచినది. రెండవది తుపాకి: ఫిబ్రవరి 14వ తేదీన ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ హైస్కూలులో పదునేడుగురు కాల్పులకు బలియైన పిమ్మట, బ్రతికిన విద్యార్థులే ముందు నడచి దేశమంతట ఊరేగింపులు నడపిరి. గురువులు శిష్యులను నడపు సామాన్యక్రమము ఆ వసంతమున తలక్రిందైనది.

ఆ యేడు నిలిచినవారిలో కనెటికట్ రాష్ట్రపు జహానా హేస్ చరిత్ర ప్రత్యేకముగా చెప్పదగినది. ఒకప్పుడు గుండీలనుండి గడియారముల దాక ఇత్తడి సామగ్రికి ప్రపంచప్రసిద్ధి చెంది, కర్మాగారములు మూతబడిన పిమ్మట పేదరికమున కూరుకొనిన వాటర్‌బరీ నగరమున ఆమె పుట్టి పెరిగెను. తల్లి మాదకద్రవ్యములకు లోబడగా అమ్మమ్మ చేతిలో పెరిగి, ప్రభుత్వ గృహములలో బాల్యము గడపి, పదునేడవ యేట తానే తల్లియై, చదువు ముగిసిపోయినదని యందరును అనుకొనినవేళ, ఉపాధ్యాయులు చేయూతనిచ్చుటచే నిలద్రొక్కుకొనెను. కూలినాలి చేసికొనుచు, పట్టు విడువక, స్థానిక కమ్యూనిటీ కళాశాలలో మొదలిడి విశ్వవిద్యాలయపట్టము లందుకొని, అదే నగరమున జాన్ ఎఫ్. కెన్నెడీ హైస్కూలులో చరిత్రయు, పౌరశాస్త్రమును చెప్పు టీచరమ్మ యయ్యెను.

ఆ బడిలో హోప్ అను పేర విద్యార్థుల సేవాసంఘ మొకటి ఆమె పర్యవేక్షణమున నడచుచుండెను. ఇల్లులేనివారికై ఇండ్లు కట్టు పనిలో చేయి వేయుట, కేన్సరు రోగులకై నిధులు కూర్చు నడకలలో పాల్గొనుట మున్నగునవి వారి కార్యక్రమములు. తమకే సాయము కావలసిన పేదపిల్లలు ఇతరులకు సాయము చేయగలమని తెలిసికొనినపుడు వారి నడకయే మారునని ఆమె విశ్వాసము. 2016లో ఆమెకు జాతీయ ఉత్తమోపాధ్యాయ పురస్కారము లభింపగా, అధ్యక్షుడు ఒబామా శ్వేతసౌధమున దానిని ప్రదానము చేసెను. పిదప ఆమె తరగతి విడిచి, నగరపాఠశాలల విభాగమున ఉపాధ్యాయుల నియామకము, శిక్షణ చూచు పనిలో నుండెను.

2018 ఏప్రిల్‌లో ఆ ప్రాంతపు కాంగ్రెసు సభ్యురాలు తాను మరల పోటీచేయనని ప్రకటించెను. హేస్‌కు రాజకీయానుభవము శూన్యము. ఆమెకు పోటీగా నిలిచిన మేరీ గ్లాస్‌మన్ ఒక పట్టణమునకు పాలనాధికారిణిగా పనిచేసి, రెండుమార్లు లెఫ్టినెంట్ గవర్నరు పదవికి పోటీచేసిన దిట్ట. మే నెలలో జరిగిన పార్టీసభలో గ్లాస్‌మన్‌కే స్వల్పాధిక్యముతో ఆమోదము దొరకినది. మనదేశమున నైనచో కథ అంతటితో ముగియును. బీ-ఫారము ఎవరి చేతికి వచ్చునో వారే అభ్యర్థులు. అమెరికాలో ప్రైమరీ యను పద్ధతి కలదు: పార్టీలో ఎవరు నిలువవలెనో ఆ పార్టీ ఓటర్లే ఓటువేసి తేల్చుదురు. ఆగస్టు 14వ తేదీన జరిగిన ఆ ప్రైమరీలో నాయకులు కాదనిన టీచరమ్మకు ఓటర్లు నూటికి 62 ఓట్లు వేసిరి. నవంబరులో గెలిచి, కనెటికట్ నుండి కాంగ్రెసునకు పోయిన మొదటి నల్లజాతి మహిళ యయ్యెను.

ఆమె గెలిచిన కాంగ్రెసు జిల్లాలోనిదే న్యూటౌన్ పట్టణము. 2012 డిసెంబరు 14వ తేదీన అక్కడి శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో ఇరువదిమంది పసివారును, ఆరుగురు పెద్దలును తుపాకికి బలియైరి. కావుననే, ఉపాధ్యాయులకు తుపాకులిచ్చుటకై కేంద్రవిద్యానిధులు వాడవచ్చునా యని నాటి విద్యాశాఖలో చర్చ రేగినపుడు, వాడరాదని శాసించు బిల్లును సభ్యురాలైన తొలినాళ్లలోనే హేస్ ప్రవేశపెట్టెను. బడిలో తుపాకిచప్పుడు వినబడినచో ఏ మూల దాగవలెనో పిల్లలకు నేర్పవలసివచ్చిన టీచరు, ఆ బాధను చట్టపు భాషలోనికి తర్జుమా చేసిన సందర్భమిది.

ఆశయు, లెక్కయు

ఈ చరిత్రలు చదివి, బడిపంతుళ్లందరిని గద్దెనెక్కించినచో రామరాజ్యము వచ్చునని తీర్మానించుట తొందరపాటు. తరగతిలో మంచివాడైన మాత్రమున పాలనలో సమర్థుడు కానక్కరలేదు. వాల్జ్ జీవితమే ఇందుకు ఉదాహరణము.

గవర్నరుగా ఆయన చేసిన పనులలో విద్యార్థులకు మిక్కిలి దగ్గరైనది 2023 మార్చి 17వ తేదీన సంతకముచేసిన చట్టము. దానిచే రాష్ట్రములో బడికివచ్చు ప్రతి విద్యార్థికిని, ఇంటి ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఉదయపు ఫలాహారమును, మధ్యాహ్నభోజనమును ఉచితముగా పెట్టు ఏర్పాటైనది. 2001 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు మొదలు సర్కారుబడులలో వండిన అన్నము పెట్టుట చూచుచున్న మనకు ఇందు వింతయేమో తెలియకపోవచ్చును. అక్కడ అంతకుపూర్వము తల్లిదండ్రులు ఆదాయపత్రములు నింపి పేదరికము నిరూపించుకొనవలెను. నింపనివారి పిల్లల పేర భోజనపు బాకీ పెరుగుచుండును. డబ్బు లేదని తోడివారిముందు తెలియుట పిల్లవానికి ఆకలిని మించిన బాధ. భోజనశాలలో నిలిచి చూచిన ఉపాధ్యాయునకు ఆ సంగతి ఎవరును చెప్పనక్కరలేదు.

కాని ఆ రాష్ట్రముననే, ఆయన పాలనలోనే, కరోనా కాలమున పేదపిల్లలకు అన్నము పెట్టుచున్నామని దొంగలెక్కలు వ్రాసి కొందరు 25 కోట్ల డాలర్ల కేంద్రధనమును కాజేసిరని 2022 సెప్టెంబరులో నేరారోపణలు వెలువడినవి. పెట్టని భోజనములకు బిల్లులు పుట్టుచుండగా రాష్ట్రవిద్యాశాఖ తగినంత జాగ్రత్త వహింపలేదని శాసనసభకు చెందిన ఆడిటరు 2024లో తప్పుపట్టెను. బిడ్డల ఆకలి తెలిసిన పంతులే యైనను, లెక్కలు చూడవలసినచోట కన్ను తప్పినచో ఆ అన్నము దొంగల పాలగునని యీ యుదంతము చాటుచున్నది. చైనాలో తియనాన్మెన్ ఘటనల కాలమునకు తాను హాంకాంగులో నుంటినని వాల్జ్ పలుమార్లు చెప్పిన మాట నిజము కాదని తేలగా, 2024 అక్టోబరు చర్చావేదికపై ఆయన తన పొరపాటు నొప్పుకొనవలసివచ్చెను. ఆ నవంబరులో ఆయన జట్టు ఓడినది. 2026 జనవరిలో, మూడవమారు గవర్నరు పదవికి పోటీచేయబోనని ఆయన ప్రకటించెను.

శిష్యుల ఆశ గురువును బరిలోనికి దింపగలదు. అటుపిమ్మట కావలసినది వేరొక విద్య. ఓటరు కూడ పంతులుగారిని పంతులుగారుగా గౌరవించి, అభ్యర్థిగా పరీక్షించుటయే న్యాయము. 2022లో హేస్ నూటికి ఒక్క ఓటుకంటె తక్కువ తేడాతో గట్టెక్కినది. ఉత్తమోపాధ్యాయ బిరుదు ఆమెకు ప్రతిసారి ఓటు తెచ్చిపెట్టలేదు.

మనకున్న పీట

ఇంత చెప్పి మనవైపు చూడకుండుట తగదు. ఏలయనగా అమెరికా ఉపాధ్యాయులకు లేని యొక ప్రత్యేకస్థానము మన రాజ్యాంగము ఉపాధ్యాయులకు కల్పించినది. 171వ అధికరణము ప్రకారము, విధానపరిషత్తు, అనగా శాసనమండలి, గల రాష్ట్రములలో సభ్యులలో పండ్రెండవవంతును ఉపాధ్యాయులే ఎన్నుకొందురు. 58 మంది సభ్యులు గల ఆంధ్రప్రదేశ్ మండలిలో ఐదు స్థానములును, 40 మంది గల తెలంగాణ మండలిలో మూడు స్థానములును ఇట్టివి. ఉన్నతపాఠశాల స్థాయికి తగ్గని విద్యాసంస్థలలో మూడేండ్లు బోధించినవారికి ఓటుహక్కు కలదు. గుర్తుపై మీట నొక్కుట గాక, అధికారులిచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్నుతో అభ్యర్థుల పేరులకెదుట 1, 2, 3 అని ప్రాధాన్యక్రమమున అంకెలు వేయవలెను.

ఈ ఏర్పాటునందలి విశేషములు రెండు ఆలోచింపదగినవి. అ ఆలు దిద్దించి, పలకపట్టుట నేర్పు ప్రాథమికపాఠశాల పంతులమ్మకు ఉపాధ్యాయ నియోజకవర్గమున ఓటు లేదు. మరియు, పట్టభద్రుల స్థానమునకు నిలుచువాడు పట్టభద్రుడే కానక్కరలేదని 1972లో సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. ఉపాధ్యాయస్థానమునకు నిలుచువాడును ఉపాధ్యాయుడే కావలెనను నియమము లేదు. కనుక సుద్దముక్క పట్టి ఎరుగని విద్యావ్యాపారియు ఈ పీటపై కూర్చుండవచ్చును.

ఉత్తములు రాకపోలేదు. నైజాము పాలనకెదురు నిలిచి, గణితోపాధ్యాయుడుగా వేలమందిని తీర్చిదిద్దిన చుక్కా రామయ్యగారు, 1985లో రద్దయిన ఆంధ్రప్రదేశ్ మండలి 2007లో మరల ఏర్పడినపుడు వరంగల్లు-ఖమ్మం-నల్లగొండ ఉపాధ్యాయ నియోజకవర్గమునుండి దానికి వెళ్లిరి. అంతకు చాలముందే, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో అర్థశాస్త్రాచార్యుడైన గోగినేని రంగనాయకులుగారు బోధన విడిచి 1930లో ప్రజాజీవితమున ప్రవేశించి, నిడుబ్రోలులో రైతులకై విద్యాలయము నెలకొల్పి, దశాబ్దములు పార్లమెంటున రైతుపక్షమున మాట్లాడిరి.

అయినను నేటి ఉపాధ్యాయ ఎన్నికల కరపత్రములు తిరగవేసిచూడుడు. వేతనసవరణ, డీఏ బకాయిలు, బదిలీలు, పదోన్నతులు, పాతపింఛను పునరుద్ధరణ యని వరుసగా నుండును. ఇవి న్యాయమైన కోర్కెలు కావని యెవ్వరును అనరు. అప్పులలో మునిగిన పంతులు నిశ్చింతగా పాఠము చెప్పలేడు. కాని ఆ పట్టికలో విద్యార్థి పేరు ఎన్నవ అంశముగా నున్నది? వాల్జ్, హేస్ గార్ల ఓటర్లలో రైతులును, నర్సులును, దుకాణదారులును, తల్లిదండ్రులును కలరు. వారందరిని ఒప్పించుటకు బిడ్డల మాట తప్ప గురువునకు వేరు మాట లేదు. మనవద్ద ఓటర్లందరు ఉపాధ్యాయులే యగుటచే, తోటివారి మేలు చెప్పి గెలువవచ్చును. విద్యార్థి ఆశను మోసికొనిపోవలసిన అవసరము అభ్యర్థికి కలుగదు. రాజ్యాంగము ఆ పీటను వేసినది విద్యారంగపు అనుభవము శాసనములకు అందవలెనని. అనుభవములో మొదటి భాగస్వామి విద్యార్థి.

కావున ఉపాధ్యాయ నియోజకవర్గములలో ఓటుగల ప్రతి గురువునకును ఒక మనవి. అభ్యర్థి మీ స్టాఫురూమునకు వచ్చి కరపత్రమిచ్చినపుడు జీతముల మాట అడుగుడు, అడుగవలసినదే. పిమ్మట, పదవతరగతికి రాకుండ పనికిపోవు పిల్లలనుగూర్చియు, ఒక్క పంతులే ఐదు తరగతులు చూచు చిన్నబడులనుగూర్చియు, తలుపులేని మరుగుదొడ్లవలన బడిమానివేయు ఆడపిల్లలనుగూర్చియు మండలిలో ఏమి మాట్లాడుదువో చెప్పుమనుడు. జవాబులేనివాని పేరునెదుట 1 అను అంకె వేయకుడు.